ఆరు నాటు మిషన్ల బూడిద

"పదకొండు ఇరవై నాలుగుకు గోదాము గేటు లోపలికి పోయినవ్. ముప్పై ఒకటికి బయటికొచ్చినవ్. నలభై మూడుకు పొగ లేచింది. ఆ ఏడు నిమిషాలు లోపల ఏం చేసినవ్, హనోకన్నా?"

రిజ్వానా గొంతు పెంచలేదు. పోలీస్ స్టేషన్‌లో ఆ గది చిన్నది. గొంతు పెంచాల్సిన అవసరమూ లేదు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న మనిషి రెండు రోజులుగా అవే బట్టల్లో ఉన్నాడు. ఆదివారం ప్రార్థనకని వేసుకున్న తెల్లచొక్కా నలిగి, చంకల దగ్గర పసుపు తేలింది.

"నిలవడ్డ మేడం. నిలవడి సూసిన. ఎవ్వలు లేకుండె. రెండు సార్లు పిలిసిన. ఎనకకొచ్చిన."

"మరి పోయినవెందుకు?"

"ఫోనొచ్చింది. చర్చిల పాట నడుస్తుండె. బయటికొచ్చి ఎత్తిన. నీ మిషన్ పాత ధరకే ఇస్తమంటున్నరు, పదకొండున్నరకు గోదాము కాడికొచ్చి తీస్కపో అన్నరు. పాత ధర అంటే ఎవడు పోడు మేడం?"

రిజ్వానా అతని ఫోన్ తీసుకొని చూసింది. పది యాభై రెండుకు వచ్చిన కాల్. పేరు లేదు. ఆ నంబరుకు తను మూడుసార్లు చేసి చూసింది, స్విచాఫ్.

పదకొండేళ్లుగా ఆమె ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కేసులు పరిశోధిస్తున్న ప్రైవేట్ డిటెక్టివ్. నిజామాబాద్‌లో ఒక గది ఆఫీసు, జకియా అనే ఒక క్లర్కు, ఒక పాత కారు. వాళ్ల నాన్న డీజిల్ ఇంజన్ల మెకానిక్ కావడంతో యంత్రాల కేసులు చాలావరకు ఆమె దగ్గరికే వచ్చేవి. ఈ కేసూ అట్లాగే వచ్చింది. బోధన్‌లో రాజ్ కిరణ్ అనే వ్యవసాయ పనిముట్ల డీలరు గోదాము కాలిపోయింది. విదేశం నుంచి తెప్పించిన ఆరు వరినాటు మిషన్లు బూడిదయ్యాయి. కోటి రూపాయలకు పైగా క్లెయిమ్. నిప్పు పెట్టింది హనోకు అని డీలరు ఫిర్యాదు. పోలీసులు రెండు రోజులుగా అరెస్టు చూపించకుండానే ఉంచారు; ఈ సాయంత్రం అయిదులోపు అరెస్టు చూపించి అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు.

"శుక్రవారం షోరూంల నీ దుకానం కాలిపోను అన్నవట. నలుగురు విన్నరు."

"అన్న మేడం, అన్నది నిజమే," హనోకు తలొంచుకున్నాడు. "చక్కెర ఫ్యాక్టరీ బందయినంక చెరుకు ఇడిసిపెట్టి వరికొచ్చినం. మా మేరీ ఇరవై ఏండ్లు నాట్లేసింది. నడుము ఒంగుతలేదిప్పుడు. మిషన్ ఉంటే కూసొని నడుపుతది, పదిమందికి కిరాయికి తిప్పుతది అనుకున్న. అర్ధెకరం అమ్మి మార్చిల అడ్వాన్స్ కట్టిన. పద్నాలుగు లక్షల ముప్పైవేలని రాసిచ్చిండు. మే నెలల పదహారు లక్షల తొంబైవేలన్నడు. గదేందని అడిగితే బయటి దేశం సామాను మీద సుంకం పెరిగింది, సర్కారునడుగు అన్నడు. సుంకమంటే ఏందో నాకు ఎర్కలేకుండె మేడం. నా మిషన్‌కు నేను కట్టాలెనని మాత్రం ఎర్కయింది."

రిజ్వానా నోట్‌బుక్ మూసింది. అబద్ధం చెప్పేవాళ్లు ఆ ఏడు నిమిషాలకు ఏదో ఒక పని కల్పించి చెప్తారు. ఇతను ఏమీ కల్పించలేదు.

బయట మెట్ల మీద హనోకు భార్య మేరీ కూర్చుని ఉంది. ఒడిలో ప్లాస్టిక్ కవర్, అందులో ఆర్డర్ కాగితాలు. యాభై దాటిన మనిషి. నిలబడడానికి గోడ పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఆ మిషన్ నడపనీకి నేర్చుకున్నవా?"

"రుద్రూర్ వ్యవసాయ కేంద్రంల పది రోజులు ట్రైనింగ్ చేసిన మేడం. ఇప్పుడు ఇప్పి మళ్ల బిగించమన్నా బిగిస్తా."

"అయితే నాతో రా."

*

గోదాము ఎడపల్లి రోడ్డు మీద, ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. వాళ్లు చేరేసరికి పన్నెండు పది. కాపలా ఉన్న నర్సన్న గేటు తీశాడు. ఆదివారం పొద్దున అతను డ్యూటీలోనే లేడు. పది గంటలకు సేఠ్ రాజ్ కిరణ్ ఫోన్ చేసి, సెలవు తీసుకొమ్మన్నాడట. ఎనిమిదేళ్లలో ఆదివారం సెలవు ఇచ్చింది అదే మొదలు.

రిజ్వానా అది రాసుకొని లోపలికి నడిచింది. కప్పు రేకులు వంగి కిందికి వేలాడుతున్నాయి. ఎడమవైపు ట్రాక్టరుకు తగిలించి దుక్కి దున్నే రోటవేటర్లు నాలుగు, మన దేశంలో తయారైనవే. కుడివైపు వరుసగా ఆరు నాటు మిషన్లు. సీట్లు, టైర్లు, ప్లాస్టిక్ అంతా కరిగి నేలకు అతుక్కుపోయింది. ఉక్కు మాత్రం మిగిలింది.

ప్రతి మిషన్‌కూ ఇంజన్ పక్కన నంబరు రేకు ఉంటుంది. ఏ నెలలో తయారైందో, దాని నంబరేమిటో అందులో చెక్కి ఉంటుంది. రిజ్వానా వెతికింది. ఆరింటికీ లేదు.

అల్యూమినియం కదా, కరిగిపోయి ఉండొచ్చు. అట్లా అనుకొనే ఆమె రోటవేటర్ల దగ్గరికి వెళ్లింది. వాటి రేకులూ కరిగాయి. కానీ రేకు ఉన్నచోట నాలుగు మూలల చదరం ఒకటి తేటగా కనిపిస్తోంది. మంట మొదలైనప్పుడు రేకు కప్పి ఉంది కాబట్టి దాని కింది రంగు కొంత మిగిలింది. మళ్లీ వెనక్కి వచ్చి నాటు మిషన్లకు టార్చి పట్టింది. అక్కడ చదరం లేదు. మసి అంతా ఒకే తీరుగా, రివిట్ల రంధ్రాల లోపలిదాకా పట్టి ఉంది.

"వీటి రేకులు మంట కంటే ముందే ఊడదీసిండ్రు," అంది పైకే.

కారణం ఆమెకు దొరికిందనిపించింది. సుంకం పెరిగింది ఏప్రిల్ ఒకటిన. మిషన్లు అంతకుముందే ఓడ దిగి ఉంటే, వాటి మీద కట్టింది పాత సుంకమే. కొత్త ధర అడిగే హక్కు డీలరుకు లేదు. నంబరు రేకు ఉంటే ఆ తేదీ బయటపడుతుంది. అందుకే తీసేశాడు.

"మేడం, ఒక్కసారి ఇటు రా."

మేరీ మూడో మిషన్ వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నారును ఒక్కో కుదురుగా పట్టి మట్టిలో గుచ్చే ఉక్కువేళ్లు అక్కడే ఉంటాయి. మసి తుడిచి ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూస్తోంది.

"ఇవి కొత్త మిషన్లు అన్నరు కదా?"

"అవునక్కా. పెట్టె ఇప్పనివి."

"కొత్తవయితే వేళ్లన్నీ ఒక్క తీరుగుంటయ్. గీటిని సూడు. ఇది పొట్టి, ఇది ఇంకా పొట్టి, గిది ఒక దిక్కుకు అరిగింది. రాళ్ల భూమిల తిరిగితే గిట్లనే అరుగుతయ్." ఆమె పాకుతూ పక్క మిషన్‌కు, అక్కణ్నుంచి ఆ పక్కదానికి పోయింది. "అన్నీ గంతే. మూడు నాలుగు సీజన్లు నడిచినయ్ మేడం ఇవి. తుక్కు సామాను."

రిజ్వానా ఆమె పక్కన కూలబడి తనూ తడిమింది. వేలికి తేడా స్పష్టంగా తెలిసింది. తను అల్లుకున్నదంతా ఒక్క నిమిషంలో తలకిందులైంది. డీలరు దాచింది తేదీ కాదు. ఈ బూడిదలో హనోకు కొన్న మిషన్ లేనే లేదు. కొత్తవి ఆరూ ఎక్కడో భద్రంగా ఉన్నాయి.

రెండు వేళ్లు విప్పి కవర్లో వేసుకుంటుండగా గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది.

*

వచ్చింది మహేష్. ఇన్సూరెన్స్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో దర్యాప్తు అధికారి. రిజ్వానా రాసే ప్రతి రిపోర్టు మీదా చివరి సంతకం అతనిదే. ఇద్దరికీ తొమ్మిదేళ్ల పరిచయం. ఆ తొమ్మిదేళ్లలో ఆమె దొరకబట్టిన దొంగ క్లెయిములు అతని పేరు మీదే పైకి పోయాయి. అందుకే ఒకరంటే ఒకరికి పడదు.

"ఇంకా ఇక్కడేనా రిజ్వానా గారూ? నాలుగు గంటలకు ఫైలు క్లోజ్ చేయాలి. నిప్పు పెట్టినవాడు దొరికాడు, కెమెరాలో ఉన్నాడు. ఇంకేం కావాలి?"

"నంబరు రేకులు కావాలి."

"అల్యూమినియం. కరిగింది."

"రోటవేటర్లవీ కరిగినయ్. వాటి కింద రంగు మిగిలింది. వీటి కింద లేదు. మీరే చూడండి."

మహేష్ చూశాడు. ఎక్కువసేపే చూశాడు. "ఇంత చిన్న మచ్చ పట్టుకొని కోటి రూపాయల క్లెయిమ్ ఆపుతారా?"

"మచ్చ ఒక్కటే అయితే ఆపకపోదును. ఇవి పాత మిషన్లు. నాటే వేళ్లు అరిగిపోయినయ్."

"ఎవరు చెప్పారు?"

"మేరీ అక్క."

"ముద్దాయి భార్య," అన్నాడు మహేష్, ఆమె అక్కడ లేనట్టుగా. "మొగుణ్ని విడిపించుకోవడానికి ఏమైనా చెప్తుంది. నాట్లేసే మనిషి మాట మీద రిపోర్టు రాస్తారా మీరు?"

"నాట్లేసే మనిషికి కాక నాటు మిషన్ సంగతి ఎవరికి తెలుస్తది సార్? మీకు తెలుసా? ఒక్క వేలు పట్టుకొని చూడండి. తర్వాత ఆమె అబద్ధం చెప్తుందని రాయండి, మీ సంతకంతోని."

మేరీ పక్కనే మసి పట్టిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

మహేష్ వంగి వేళ్లను తడిమాడు. లేచేసరికి ముఖంలో ఆ విసురు లేదు. "సరే. మీరే కరెక్టు కావచ్చు. ఈమె స్టేట్‌మెంట్ పోలీసుల ముందు రాయిస్తే గట్టిగా నిలుస్తుంది. నేను ఇక్కడ ఫొటోలు తీసుకొని, అరగంటలో ఈమెను స్టేషన్‌కు తీసుకెళ్తాను. మీరు డీలరును చూడండి."

తొమ్మిదేళ్లలో అతను ఆమె మాటకు ఒప్పుకున్నది అదే మొదటిసారి. రిజ్వానాకు లోలోపల సంతోషమే కలిగింది. మేరీ భుజం తట్టి, "సార్‌తోని పో అక్కా. సాయంత్రంకల్లా అన్న ఇంటికొస్తడు," అని బయల్దేరింది. అప్పుడు టైము ఒకటిన్నర.

*

షోరూంలో ఒక్క కొనేవాడూ లేడు. రాజ్ కిరణ్ టేబుల్ మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది. నలభై ఏళ్ల మనిషి, రెండు రోజుల్లో పదేళ్లు పెరిగినట్టున్నాడు.

రిజ్వానా ఉక్కువేళ్లు రెండూ అతని ముందు పెట్టింది. "ఇది మీ కొత్త మిషన్‌ది. ఇదీ మీ కొత్త మిషన్‌దే. రెండూ ఒక్క పొడుగు ఎందుకు లేవు?"

అతను వాటిని ముట్టుకోలేదు.

"ఆదివారం పది గంటలకు నర్సన్నకు సెలవిచ్చిండ్రు. పది యాభై రెండుకు హనోకుకు ఫోన్ పోయింది. నేను రాసుకున్న వరుస ఇది. దీంట్ల మీరు ఎక్కడున్నరో చెప్పుండ్రి."

"మేడం, మా వకీలు..."

"వకీలును తర్వాత పిలుచుకోండి. బయట స్కూటరుంది, ఆదిల్ అని రాసుంది. మీ మెకానిక్ పేరు అదేనని నర్సన్న చెప్పిండు. సీటు మీద రెండు రోజుల దుమ్ముంది. స్కూటర్ ఇక్కడుంటే మనిషి ఎక్కడున్నడు?"

రాజ్ కిరణ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"పంతొమ్మిది ఆర్డర్లుండె మేడం నాకు. సుంకం పెరిగినంక పద్నాలుగు వాపస్ తీసుకున్నరు. స్పేర్ పార్టు అడిగినోళ్లు ధర విని, అరిగిందే వాడుకుంటమని పోయిండ్రు. ఇద్దరు పనోళ్లను తీసేసిన. గప్పుడొక మనిషొచ్చిండు. పాత మిషన్లు కాలబెడదాం, ఇన్సూరెన్సు కొత్త ధర మీద వస్తది, కొత్త మిషన్లు మంజీర నది అవతల మహారాష్ట్రల అమ్ముకుందాం అన్నడు. హనోకు సంగతి నాకు ముందు చెప్పలే. ఏసుమీద ఒట్టేసి చెప్తున్నా, చెప్పలే. మా ఇద్దరిదీ ఒక్కటే చర్చి. ఆదివారం నా కండ్ల ముంగటనే పాట మధ్యల లేచి పోయిండు."

"ఆ మనిషెవరు?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ముందు ఆదిల్ దగ్గరికి పోండి. సాలూర రోడ్డు మీద పాత చెరుకు కాంటా షెడ్డుంది. పోలీసులకు చెప్తనన్నడని ఆదివారం రాత్రి అండ్లనే పెట్టి తాళమేసిండ్రు. నేను పోవాల్సింది. ధైర్యం చాలలే."

తాళంచెవి సొరుగులోంచి తీసి ఇచ్చాడు.

*

ఒకప్పుడు చెరుకు బండ్లు తూకానికి వరుస కట్టిన షెడ్డు అది. రిజ్వానా తాళం తీసేసరికి రెండు ఇరవై అయిదు. లోపల నీలం టార్పాలిన్ కింద ఆరు నాటు మిషన్లు, టైర్లకు మట్టి అంటనివి. వాటి వెనక గోడకు ఆనుకొని ఒక మనిషి. పాతికేళ్లుంటాయి. ఎడమ కాలు మడమ దగ్గర ఉబ్బిపోయింది.

"పానీ," అన్నాడు.

ఆమె కారులోంచి సీసా తెచ్చి తాగించింది. సగం తాగి, సగం ముఖం మీద పోసుకున్నాడు.

"రేకులు ఊడదీసింది నువ్వేనా?"

"ఊడదీసింది నేనే, ఆపా. అమ్ముతరు కావచ్చనుకున్న, కాలబెడ్తరనుకోలే. హనోకు భాయ్‌ను పట్టుకపోయిండ్రంటే ఊకోలేకపోయిన. పోలీసులకు చెప్తనన్న. గాయన నూకేసిండు, కాలు విరిగింది."

"ఎవరు?"

"ఇన్సూరెన్సు సార్. హైదరాబాద్ ఆయన. తెల్లకారు. సేఠ్ భయపడ్తుంటే, ఇంతకుముందు మూడు చోట్ల చేసినం, ఒక్క ఫైలు కూడ తిరిగిరాలే అన్నడు. నేను విన్న. మహేష్ సార్ అంటరు."

రిజ్వానా మేరీకి ఫోన్ కలిపింది.

మేరీ నాలుగో రింగుకు ఎత్తింది.

"అక్కా, ఎక్కడున్నవ్?"

అవతల ఇంజన్ చప్పుడు. తర్వాత మేరీ మామూలుగా, తోటి కూలీతో పొలం గట్టు మీద మాట్లాడినట్టుగా అంది. "ఆఁ, నిరోషా. నేను నాటుకు రాలేనే ఇయ్యాల. సార్‌తోని పోతున్న. స్టేషన్ ఎప్పుడో దాటినం. సాలూర దిక్కు కాంటా కాడికట. మీరు పని కానియ్యుండ్రి."

కాల్ కట్టయింది.

తీసుకెళ్లమని చెప్పింది తనే. భుజం తట్టి మరీ పంపింది. రిజ్వానా వెంటనే ఎస్సైకి ఫోన్ చేసింది. జీపు వేరే ఊళ్లో ఉంది, రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నాడు. ఊరి నుంచి ఇక్కడికి మహేష్ కారుకు పది నిమిషాలు చాలు.

రోడ్డు అవతలి మడిలో పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు వంగి నాట్లేస్తున్నారు. రిజ్వానా గట్టు మీదికి పరుగెత్తింది.

"అక్కా, ఒకడు ఒక ఆడమనిషిని మోసం చేసి కార్ల ఎక్కించుకొని వస్తున్నడు. ఆమె కూడ నాట్లేసే మనిషే. కారు ఆపాలె."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికంటే పెద్దావిడ, గంగమ్మ, చేతిలో నారుకట్ట కింద పడేసి మడిలోంచి పైకొచ్చింది. మిగతావాళ్లు ఆమె వెనకే వచ్చారు. బురద కాళ్లతో రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. మధ్యలో రిజ్వానా.

తెల్లకారు మలుపు తిరిగింది. వేగం తగ్గలేదు. హారన్ మోగింది. ఒకరిద్దరు పక్కకు జరిగారు, గంగమ్మ జరగలేదు. అద్దం వెనక మహేష్ ముఖం కనిపించేంత దగ్గరికి వచ్చాక కారు ఉన్నట్టుండి ఒక పక్కకు ఈడ్చుకుపోయి, గట్టు దిగి మడిలో ముందు చక్రాలదాకా కూరుకుపోయింది.

తలుపు తీసుకొని మేరీ దిగింది. నుదుటి మీద చిన్న గాటు.

"హ్యాండ్ బ్రేకు గుంజిన మేడం," అంది. "మిషన్‌దైనా కారుదైనా బ్రేకు బ్రేకే కదా."

రిజ్వానా ఆమెను గట్టిగా పట్టుకుంది.

మహేష్ కారు దిగలేదు. చుట్టూ ఆడవాళ్లు నిలబడితే, అద్దాలు ఎక్కించుకొని ఎవరికో ఫోన్ చేస్తూ కూర్చున్నాడు. రెండు యాభై ఎనిమిదికి జీపు వచ్చింది. ఎస్సై షెడ్డులోకి పోయి ఆరు మిషన్లూ చూసి, ఆదిల్ మాట విని, హనోకును ఇంటికి పంపమని స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఆ మాట విన్నాకే మేరీ గట్టు మీద కూర్చుంది.

రిజ్వానా పక్కకు వచ్చి జకియాకు ఫోన్ చేసింది. "సుంకం పెరిగినంక, ఏప్రిల్ నుంచి, మన జిల్లాల వ్యవసాయ మిషన్ల గోదాములు కాలిన క్లెయిములు చూడు. మహేష్ సంతకమున్నవి."

క్లెయిముల జాబితాలు, పేపర్ కటింగులు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "మూడున్నయ్ మేడం. కమ్మర్‌పల్లి, పోచంపాడ్, ఇందల్వాయి. మూడూ మన దాకా రాకుండనే పాసైనయ్."

"నిప్పు పెట్టినోళ్లని ఎవరిని పట్టుకున్నరు?"

"మూడింట్లనూ కొననీకి అడ్వాన్స్ కట్టినోళ్లనే. కమ్మర్‌పల్లాయన, పోచంపాడాయన బెయిల్ మీద బయటున్నరు." జకియా ఆగింది. "ఇందల్వాయి ఆయనకు ఎవ్వరూ పూచీ ఉండలేదట. చంద్రయ్య. వయసు డెబ్బై ఒకటి. ఏప్రిల్ ఇరవై రెండు నుంచి జైల్లనే ఉన్నడు మేడం."